మేక దవడలో సొరపళ్లు

మొన్న మధ్యాహ్నం మేకల్నీ గొర్రెల్నీ తీసుకెళ్లే జీవాల లారీ డ్రైవరు ఆత్మకూరులో నా జిరాక్సు షాపు ముందు బండి ఆపి, దిగకుండానే చెయ్యి చాపి ఒక పొట్లం ఇచ్చాడు. తమిళ పేపరులో చుట్టి రబ్బరుబ్యాండు వేసిన పొట్లం. "మీ మామకంట. అరియలూరు ఆయన పంపినాడు" అన్నాడు. మామ పోయి నెల దాటిందని అతనికి తెలుసు. తమిళనాడులో ఆ పంపిన మనిషికి ఆ మాట చెప్పలేక తీసుకున్నాడు, ఇక్కడ ఆ ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడానికీ నోరు రాలేదు, నా దగ్గర పడేసి పోయాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియని వస్తువులన్నీ చివరికి జిరాక్సు షాపుకే చేరతాయి.

విప్పితే గుప్పెడు సొరచేప పళ్లు, ఇంకా మట్టి వదలనివి. షాపులో జనం ఉన్నా వాటిని వేరు చెయ్యకుండా ఉండలేకపోయాను. రంపంలాంటి అంచున్నవి ఒక పక్క, నున్నటి అంచువి ఒక పక్క. అడుగున ఒక "పిల్లలతల్లి" కనపడింది. పెద్ద మొనకు చెరోవైపు బుల్లి మొన ఉన్న పన్నుకు మామ పెట్టిన పేరది. రెండు పిల్లల్ని పక్కన నిలబెట్టుకున్న మేకలాగా ఉంటుందనేవాడు. ఆ పేరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినామె "ఏమైందమ్మా" అంటే కంట్లో నలక పడిందన్నాను.

డ్రైవరు "మీ మామ" అన్నాడు కానీ ఆయన నాకు ఏమీ కాడు. మాది కొట్టు పెట్టుకుని బతికే శెట్ల కుటుంబం, ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వరు. ఆయనది నా పుట్టిల్లు ఉదయగిరి పక్కన పల్లె, మేకలు గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. సంతలో దళారీ. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి జీవం వయసు చెప్పడం ఆయన పని.

జీవం వయసు దాని నోట్లో ఉంటుంది. మేకకైనా గొర్రెకైనా ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, పైన ఉట్టి చిగుళ్లే. ఏడాది లోపు సన్నటి పాలపళ్లు. తరవాత నడిమి పాలపళ్లు రెండూ ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్లు రెండు వస్తాయి. అట్లా నాలుగు, ఆరు, ఎనిమిదికి నోరు నిండినట్టు. ఇదంతా నాకు ఎందుకు తెలియాలో ఆ దేవుడికే ఎరుక. రోజూ షాపులో కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

సంతలో ఆయన్ను నా చిన్నప్పటినుంచీ చూశాను. బేరం ముదిరి గొంతులు లేస్తుండగా నింపాదిగా వచ్చేవాడు. ఎడమచేత్తో మూతి పట్టుకుని, కుడి బొటనవేలు నోట్లోకి పోనిచ్చి, రానురాను ముఖం మాత్రం ఆకాశం వైపు తిప్పడం మొదలుపెట్టాడు. పళ్లు చూడాల్సినవాడు మబ్బులు చూస్తాడేమిటా అని మాకు నవ్వు. "నాలుగు" అనేవాడు. అంతే, ఇక దాని మీద మాట ఉండేది కాదు. మనుషుల్ని చూసినా ఆయన చూపు ముందు పళ్ల మీదికే పోయేది. నేను నవ్వితే చాలు, "పాపా, నీ కింది పన్నొకటి పక్కకి తిరిగుండాది" అనేవాడు. తన నోట్లో మాత్రం ఒక్కటి లేదు. కట్టుడు పళ్లు చొక్కా జేబులో పెన్నులాగా పెట్టుకుని, గౌరవం ఇవ్వాల్సిన మనిషి ఎదురైతే పక్కకు తిరిగి తగిలించుకునేవాడు. నా ముందు ఎప్పుడూ తగిలించుకోలేదు. దానికి నేను చాలా రోజులు ఉడుక్కున్నాను.

అట్లాంటి మనిషి ఉదయగిరి సంత వదిలేసి ఆత్మకూరులో లారీలకు జీవాల్ని ఎక్కించే పనికి ఎందుకు వచ్చాడంటే, ఒక బక్రీదు గొడవ. కుర్బానీ ఇచ్చే మేకపోతుకు ఏడాది నిండాలి, రెండు పళ్లు వచ్చి ఉండాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒక కుటుంబం ఈయన మాట మీద ఒక పోతును తీసుకుంది. ఇంటికి వెళ్లి నోరు తెరిచి చూసుకుంటే అన్నీ పాలపళ్లే. పండక్కి ముందే కాబట్టి సంతకు తిరిగి తోలుకొచ్చారు. ఈయన అందరి ముందూ, "ఇది నేను చూసిన పోతు కాదు. మార్చి తెచ్చినారు" అన్నాడు. వాళ్లు కాదన్నారు. ఈయన తగ్గలేదు. అప్పటినుంచి బేరాలకు ఈయన్ను పిలవడం ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ రావద్దనలేదు. పిలవలేదు, అంతే. అది ఆయన్ను తినేసింది. "నా వేలు తప్పు చెప్పదు పాపా. వాళ్లే మార్చినారు" అని ఏ సందర్భమూ లేకుండా అనేవాడు.

అరియలూరు దాకా లారీతో పోయొచ్చిన ఒకరోజు షాపుకొచ్చి, బీడీల కట్ట పక్కనుంచి చిన్న వస్తువొకటి తీసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏం జీవం పన్నో నీ సెల్లులో చూడు పాపా. నేను చూడని నోరు లేదనుకున్న్యా. దీన్ని మాత్రం ఎరగను. ఆడ మేకలు కాసే ఆయన ఇచ్చినాడు, బీట్లో దొరికిందంట."

ఫొటో తీసి వెతికాను. "సొరచేప పన్ను మామా. కోట్ల ఏండ్ల కిందటిది. రాయైపోయిందంట."

"సొరా? ఆడ సముద్రమే లేదే!"

"అప్పుడుండేదంట."

పన్నును బొటనవేలితో తడిమాడు. "అట్టైతే మన ఉదయగిరి కొండ కింద గూడా ఉండాల గదా?"

మళ్లీ వెతికి, మన రాళ్లు చేపలు పుట్టకముందువట, వాటిలో సొరపళ్లు దొరకవట అని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంత కొండ పెట్టుకోని ఒక్క పన్ను లేదా" అన్నాడు, కొండను నేనే అట్లా కట్టించినట్టు.

ఆరోజునుంచి మొదలైంది. అరియలూరు మేకలాయన పొట్లాలు కట్టి పంపేవాడు, ఈయన నా షాపులో బల్ల మీద పరిచేవాడు. నేర్చుకునేవాడి ఆత్రం అంతా ఉండేది. మొదటి పొట్లంలో సగానికి సగం మొనదేలిన ఉట్టి రాళ్లే. ఏది రాయో ఏది పన్నో తేల్చడానికి ఆయన పద్ధతి పెదిమకు రాసుకోవడం. "రాయైతే పట్టుకుంటాది, పన్నైతే జారతాది" అనేవాడు. ఇదంతా జిరాక్సులకు వచ్చిన ఆడపిల్లల ముందు. నేను తల పట్టుకునేదాన్ని. బొమ్మల కాగితాలు ప్రింటు తీసిచ్చి, "ఇదిగో మామా, మెరిసేది పన్ను, కింద గరుకుగా రెండు కాళ్లలాగా చీలింది వేరు. వేరు ఉంటే చాలావరకు పోల్చుకోవచ్చంట" అని చదివి చెప్పేదాన్ని. వినేవాడు. విని, "వేరు ఇరిగిపోయింటే?" అనేవాడు. నేను మళ్లీ సెల్లులో వెతుకులాట మొదలుపెట్టేదాన్ని.

రంగు దగ్గర పెద్ద తగాదా పడ్డాం. గోధుమరంగువి ముసలి సొరలవి, తెల్లగా ఉన్నవి పడుచువి అని ఆయన వాదన. గారపట్టిన ముసలి మేక పళ్లు చూసిన అలవాటు. అది పడి ఉన్న మట్టి రంగని చెప్పి ఒప్పించేసరికి నా గొంతు పోయింది. కానీ కొన్నిట్లో ఆయనే గెలిచాడు. పొడుగు పళ్లు ఒక రకం సొరవి, వంకరవి ఇంకో రకానివి అని నేను వేరు చేసి పెడితే, కలిపేశాడు. "ఒకటే నోరు పాపా. నడిమివి పొడుగు, పక్కలవి వంకర. మేకకు గూడా నడిమివీ పక్కలవీ ఒకే తీరుగా ఉండవు." చూస్తే కాగితంలోనూ అదే రాసుంది. ఆ సాయంత్రం అంతా గర్వంగా జేబులో కట్టుడు పళ్లు తడుముకుంటూ కూర్చున్నాడు.

ఒకరోజు అసలు సంగతి బయటపెట్టాడు. ఒకే రకం పళ్లు ఎనిమిది జతచేసి ఒక నోరు నింపాలి. దాన్ని ఉదయగిరి సంతలో టీకొట్టు బల్ల మీద పెట్టాలి. "సముద్రంలో జీవం నోరు గూడా చదివినాడురా అనాల. అప్పుడు పిలవకుండా ఉంటారా, చూస్తాను" అన్నాడు. ఆ పళ్ల పిచ్చి వెనక ఉన్నదేమిటో నాకప్పటికి గానీ అర్థం కాలేదు. జాలేసింది. సరే మామా అన్నాను.

పళ్లు నిలబడటానికి దవడ కావాలి. మేక కింది దవడ ఎముకొకటి శుభ్రంగా కడిగి, ప్లాస్టిక్ కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. "ఈ కొలతకి, కాస్త పెద్దదిగా, ఎనిమిది గుంటలు పెట్టి కొయ్యతో చెయ్యమని మీ వీధి గరిటెలామెకు చెప్పు. ఆమె చెయ్యి మంచిది."

"ఆ గరిటెలామేనా మామా?" అన్నాను. పోతును మార్చారని ఈయన అన్నది ఆ ఇంటివాళ్లనే.

"పనికీ దానికీ ఏంది సంబంధం? నా పేరు చెప్పబాక."

శెట్ల ఇంటి ఆడపిల్ల సంచిలో మేక ఎముక పెట్టుకుని ఆత్మకూరు నుంచి ఉదయగిరి బస్సులో వెళ్లడం ఊహించుకోండి. మా అమ్మ కవరు విప్పి చూసి పెట్టిన కేకకు వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లలో గరిటెలక్క కూడా ఉంది. ఎముక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఆ మామదేగా" అంది. నేను అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

అక్క అరుగు మీద కూర్చుంది. "ఆయన చెప్పినాడా నీకు, మేం పోతును మార్చినామని?"

"చెప్పినాడక్కా."

"నువ్వు నమ్మినావా?"

నమ్మలేదన్నాను. నిజంగానే నమ్మలేదు.

"కుర్బానీ జీవం మింద అబద్ధమాడతామా? ఆయన చెప్పినాడనే నోరు గూడా తెరవకుండా ఇంటికి తోలుకోనొచ్చినాం. ఆ మాటన్న్యాక మా ఆయన సంత మొహం చూడ్లా. నేనొక్కదాన్నే గరిటెలు పెట్టుకోని మూల కూర్చుంటుండా. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూసే చూపు ఉండాదే, అది ఆయనకేం తెలుసు?" ఎముకను కొంగుతో తుడిచింది. "చేస్తాలే. పని కాదనేదెందుకు."

అందంగా చేసింది. లేత రంగు కొయ్య, గరిటె కాడంత నునుపు. తీసుకోవడానికి వెళ్లినప్పుడు చేతిలో పెడుతూ అడిగింది. "ఇది కింది దవడ. పైది యాడ?"

"పైన పళ్లుండవంట గదక్కా."

"మేకకుండవు. సొరకెందుకుండవు? కావలి నుంచి బండిలో సొరపిల్లలొస్తాయి, నేను కోస్తా గదా. చెయ్యి ఏమరితే పైన గూడా గీరుకుంటాది."

నిలబడిపోయాను. నేను చేప మొహం ఎరగనిదాన్ని, ఆయన సముద్రం మొహం ఎరగనివాడు. నోరు తెరిచిన సొర బొమ్మలు ఎన్ని చూసినా నాకు తట్టలేదు. ఆయనకు నేను విడి పళ్ల కాగితాలు తప్ప నోటి బొమ్మ ఒక్కటీ ఇవ్వలేదు. ఇద్దరం కలిసి సముద్రంలో జీవాన్ని మేకను చేసి కూర్చోబెట్టాం. అక్క పకపకా నవ్వింది. ఆ గొడవ తరవాత ఆమె అట్లా నవ్వడం చూడలేదని వాళ్ల అత్త లోపలినుంచి వచ్చి మరీ చూసింది.

ఆత్మకూరు వచ్చి ఈసారి సరిగా చదివాను. పైనా పళ్లే, కిందా పళ్లే. వరస వెనక వరస. ఒకటి రాలితే వెనకది ముందుకొస్తుంది, బతికున్నంత కాలం వస్తూనే ఉంటాయి. ఎనిమిదికి నిండే నోరు కాదది. పళ్లు చూసి వయసు చెప్పడం అసలు కుదరదు. మర్నాడు ఆయన కొయ్య దవడలో పళ్లు ఒక్కొక్కటే కూర్చుతుంటే, అంతా ఆయన ముందే చదివాను. దాచి ఏం చెయ్యను? సంతలో పెట్టాక నలుగురూ నవ్వితే అది ఇంకా ఘోరం.

కోప్పడతాడనుకున్నాను. చేతిలో పన్ను బల్ల మీద పెట్టేశాడు. బొటనవేలు కొయ్య దవడ మీద ఇటునుంచి అటు పోనిచ్చాడు, అలవాటుగా ముఖం పైకెత్తి. అప్పుడు చూశాను ఆయన కళ్లు, దగ్గరగా, ట్యూబులైటు వెలుతురులో. రెండిటి మీదా తెల్లగా పొర కమ్మి ఉంది.

"మామా, నీకు కనపడ్డంలేదా?"

"మసగ్గా ఉండాది. శానా రోజులైంది." గొంతు తగ్గించాడు. "దళారికి కండ్లు లేవంటే ఎవురు పిలస్తారు పాపా? అందుకే ఆకాశం చూసేది. వేలుండాది గదా అనుకున్న్యా."

కొయ్య దవడను మళ్లీ తడిమాడు. 

"నా వేలు పైకి పోనే పోలా చూడు. పైన ఉండవని దానికి తెలుసు. తెలిసిందాన్ని మళ్లా ఎందుకు ఎతుకుతాది?" కొయ్య దవడ పక్కన పెట్టాడు. "ఆ పోతుకు గూడా ఇట్టనే అయ్యుంటాది. మంచి ఎదుగు మింద ఉండాది, మెడ పట్టుకుంటేనే రెండుపళ్ల పోతు అనుకున్న్యా. అనుకోని వేలు పెట్టినా. రెండు తగిలినట్టే తగిలినాయి."

"అయితే వాళ్లు..."

"మార్చలా. వాళ్లెందుకు మారుస్తారు?"

ఆ మాట అంటూ ఆయన కొయ్య దవడను మళ్లీ తన వైపు లాక్కున్నాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపమూ వచ్చింది, లేచి ఆ చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. కోపమే బయటికొచ్చింది. "వెళ్లి అక్కకు చెప్పు మామా. నేను చెప్పను" అన్నాను.

"ఆమెకు చెప్తే సరిపోదు. సంతలో అన్న్యాను, సంతలోనే చెప్పాల. నువ్వు తోడు రా పాపా. బస్సు బోర్డు కనపడదు నాకు."

షాపు మూసి వెళ్లాను. దారి పొడుగునా ఆయన కొయ్య దవడ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు దిగగానే పక్కకు తిరిగి కట్టుడు పళ్లు తగిలించుకున్నాడు.

సంత మంచి రద్దీలో ఉంది. ఆయన్ను చూసి టీకొట్టు దగ్గర నలుగురు చేరారు. సొరపళ్ల సంగతి డ్రైవరు ముందే చాటేసినట్టున్నాడు. "ఏంది మామా, సముద్రం మేకను తోలుకొచ్చినావంట" అని ఒకడు ఎగతాళి చేశాడు. గరిటెలక్క తన మూలలో గోనెపట్ట మీద కూర్చుని గరిటెకు గరుకు కాగితంతో నునుపు పెడుతోంది.

ఆయన దవడ ఎత్తి పట్టుకున్నాడు. "ఇది తప్పు. దీనికి పైన గూడా పళ్లుంటాయంట. నాకు తెలీదు. మేక నోరే అనుకోని చేపిచ్చినాను" అన్నాడు. జనం నవ్వారు. నవ్వనిచ్చాడు. తరవాత గొంతు పెంచాడు. "ఆ పొద్దు కుర్బానీ పోతు నోరు గూడా నేను తప్పే చూసినా. అది పాలపళ్ల పోతే. ఆ ఇంటోళ్లు మార్చలా. మార్చినారని నేనన్నది అబద్ధం. నాకు కండ్లు కనపడవు. కనపడవని చెప్పుకోలేక వాళ్ల మింద పెట్టినాను."

నవ్వులు ఆగిపోయాయి. ఎగతాళి చేసినవాడు టీగ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎవరో ముసలాయన, "ఇంక నీ మాట ఎవురు నమ్మాల మామా?" అన్నాడు, కోపంగా కాదు, బాధగా.

"నమ్మబాకండి. నోరు తెరిచి మీ కండ్లతో చూసుకోండి" అని, నా భుజం మీద చెయ్యి వేసి బస్సు వైపు తిరిగాడు.

నేను అక్క వైపు చూశాను. గరిటె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. తలెత్తలేదు. తల మీది కొంగు ముందుకు లాక్కుని, ఆ చివరతో కళ్లు ఒత్తుకుంది. పక్కన ఉల్లిపాయలు అమ్ముకునే ఆమె జరిగి దగ్గరకొచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు కదిలాక నా వైపు తిరిగాడు, నేనున్న చోటుకు కాస్త పక్కగా చూస్తూ.

"గట్టిగానే చెప్పినానా పాపా? ఆమె ఆ మూల కూర్చోనుంటాదంటివే. ఆడికి వినపడిందా?"

"వినపడింది మామా" అన్నాను.